వాడిన నీటికి రెండో వాడుక: ఆగ్నేయ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి బహిరంగ లేఖ



ఛత్తీస్‌గఢ్‌లోని పేండ్రా ప్రాంతంలో పుట్టి, కోటా తహసీలు దాటి, బిలాస్‌పూర్ మీదుగా సాగి శివనాథ్ నదిలో కలిసే అర్పా వర్షాధారపు నది కావడంతో, వేసవిలో దాని గర్భంలో ఇసుక మేటలు బయటపడతాయి; ఆ గర్భంలోకే పట్టణపు మురుగు చేరుతోంది. కార్గీ రోడ్డు పేరుతో ఉన్న కోటా స్టేషన్ మొదలుకొని బిలాస్‌పూర్ దాకా ప్లాట్‌ఫారాలు, తోటలు, రైలు పెట్టెల శుభ్రతకు శుద్ధి చేసిన మురుగునీటినే వాడాలనీ, ఆ నిర్ణయంలో ప్రజలను మొదటి నుంచీ భాగస్వాములను చేయాలనీ కోరడమే ఈ లేఖ ఉద్దేశం. నీటిని శుద్ధి చేసి తిరిగి వాడడాన్ని రైల్వే బోర్డు 2017 నాటి జలవిధానమే ప్రోత్సహిస్తోంది.

మురుగునీరు అనగానే కలిగే ఏవగింపును అజ్ఞానమని కొట్టిపారేయడం తగదు. మైల అంటిన వస్తువును ఎంత కడిగినా మైల పోలేదనిపించే మనస్తత్వం మడి పాటించే ఇళ్లకే పరిమితమైనది కాదు; పాల్ రోజిన్ తదితర మనస్తత్వ శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, శుద్ధి చేసిన మురుగునీటిని రుచి చూడడానికి అమెరికన్లలో దాదాపు 13 శాతం మంది ససేమిరా అనగా, 49 శాతం మంది సమ్మతించారు, 38 శాతం మంది ఎటూ తేల్చుకోలేకపోయారు. తేల్చుకోలేని ఈ వర్గానికి నమ్మకం కలిగించడంపైనే ఇటువంటి పథకాల జయాపజయాలు ఆధారపడి ఉంటాయి.

తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే కోలార్ జిల్లా అనుభవం ఇందుకు దగ్గరి నిదర్శనం. బెంగళూరులోని కోరమంగల–చల్లఘట్ట లోయ మురుగును రెండు దశల్లో, అంటే మడ్డిని తేర్చి, మిగిలిన సేంద్రియ మలినాలను గాలి అందించిన సూక్ష్మజీవుల చేత తినిపించి శుద్ధి చేసి, 2018 నుంచి ఆ జిల్లా చెరువులకు మళ్లించగా, ఎండిన చెరువులు నిండి భూగర్భజలం పైకి వచ్చింది. అయితే అదే ఏడాది నీటిపై నురగ తేలడంతో రైతుల్లో భయం పుట్టి, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మిగిలిన సూక్ష్మమలినాలను, రోగక్రిములను తొలగించే మూడో దశ శుద్ధి కావాలన్నది అక్కడివారి కోరిక. అది నీటిని నిరాకరించడం కాదు, భరోసా అడగడం.

ఆస్ట్రేలియాలోని టూవూంబా పట్టణం తీవ్రమైన కరవులో ఉండి కూడా, 2006 ప్రజాభిప్రాయ సేకరణలో తాగునీటిలో శుద్ధి చేసిన మురుగునీటిని కలిపే ప్రతిపాదనను దాదాపు 62 శాతం ఓట్లతో తిరస్కరించింది. సింగపూర్ మాత్రం మురుగును శుద్ధి చేసి తయారుచేసిన ‘న్యూవాటర్’ను 2003లో ప్రవేశపెట్టి, శుద్ధి జరిగే తీరును ప్రజలు స్వయంగా చూసేందుకు సందర్శన కేంద్రం తెరిచి, నీటిలో అధికభాగాన్ని పరిశ్రమలకు కేటాయించి, జనామోదం సంపాదించింది.

కనుక జోన్ యాజమాన్యం తాగునీటి జోలికి పోకుండా కడుగుడు, తోటల వాడకంతోనే ఆరంభించాలి; ఈ నీటి గొట్టాలకు వేరే రంగు వేయించి, మంచినీటి గొట్టాలతో ఎక్కడా కలవకుండా చూడాలి. పెట్టెలు కడిగేటప్పుడు ఎగిరే తుంపరలు ముందుగా పడేది కార్మికుల ముఖం మీదే కాబట్టి, క్రిమినాశనం తరువాతే నీటిని అందించి, వారికి చేతితొడుగులు, ముఖకవచాలు ఇవ్వాలి. సేంద్రియ మలినాలను కుళ్లబెట్టేందుకు సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువు పరిమాణాన్ని తెలిపే బీఓడీ, మలసంబంధ క్రిముల సంఖ్య ప్రతినెలా స్టేషన్ బోర్డు మీద హిందీతోపాటు, రైల్వే కొలువులకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాల కోసం తెలుగులోనూ కనిపించాలి. పరీక్షలో నీరు తప్పిన నెలలో ఆ సంగతి కూడా అదే బోర్డు మీద రాయాలి.

శుద్ధికాని మురుగు నదిలో కలిసినప్పుడు దిగువ ఊళ్లవారి సమ్మతిని ఎవరూ అడగడం లేదు. శుద్ధి చేసిన నీటి విషయంలోనైనా ఆ సమ్మతిని అడిగి తీసుకోవాలనీ, అందుకోసం శుద్ధికేంద్రం నమూనా ఖరారు కాకముందే కార్మికులతో, కోటా పౌరులతో బహిరంగ సభ జరపాలనీ విజ్ఞప్తి.

ఇట్లు,
కోటా పౌరుల పక్షాన