యజమాని కోపము, నౌకరు వినయము

వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, మన పొరుగుననున్న గంగాధరలో క్రీ.శ. 959లో యశస్తిలకమును ముగించిన సోమదేవసూరి, నీతివాక్యామృతమను తన రాజనీతి గ్రంథమున మంత్రిని గూర్చియు కోశమును గూర్చియు చెప్పుటకు మున్నే, కామక్రోధాదులైన అరిషడ్వర్గమునకు ప్రత్యేకముగా నొక సముద్దేశమును, అనగా అధ్యాయమును, కేటాయించినాడు. పరుల నేలదలచినవాడు ముందుగా తన కోపమును గెలువవలెనని ఆ క్రమమే సూచించుచున్నది. మాట పెద్దదే, కాని యజమాని శాంతించువరకు కాచుకొని కూర్చున్న నౌకరుల కథ మన కరీంనగరము సీమలో ఏమంత ఆశాజనకముగా నడువలేదు.

భూస్వామియైన దొర గడీ ముందు చెప్పులు చేతబట్టి, నడుము వంచి, "నీ బాంచెన్ దొరా" యనినవానిది పుట్టుకతో వచ్చిన దాస్యమని తలచువారు నేటికిని కలరు. భూమి దొరది, పంచాయతీ దొరది, దండుగ వేయు నోరును దొరదే అయినచోట, ఊరు విడుచుటకు త్రోవలేనివాడు వినయము గాక మరేమి చూపగలడు? ఆ వినయమునే తన ఘనతకు సాక్ష్యముగా గైకొని దొర మరునాడు గొంతు మరింత హెచ్చించును. నడుమనున్న గుమాస్తా తాను తిన్న తిట్లను తనకు క్రిందివానికి అప్పగించును, వడ్డీతోనని వేరుగ చెప్పనక్కరలేదు. 1978 సెప్టెంబరులో, దొరలకెదురుగా రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర సాగిన దినములలో, వెట్టి మానిన పల్లెలు వెనుకటి దండుగలను తిరిగి అడిగినవి. చాకలి, మంగలి దొర గడప త్రొక్కుట మానిరి. ఆ అక్టోబరులోనే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. దొర క్రోధమును జయించినందున గాక, నౌకరు తన సేవను ఉపసంహరించుకొన్నందున గడీ గొంతు తగ్గినది.

ఊరు విడువలేనివాని స్థితియే నేటి కొలువులలోను కనబడును. వేరొక కొలువు దొరకుట కష్టమనుకొన్నవారినే పై అధికారి దూషణ మిక్కిలి కృంగదీయునని అమెరికా పరిశోధకుడు బెన్నెట్ టెప్పర్ 2000లో చూపినాడు. తాము చుట్టి తెచ్చిన బీడీలలో కొన్నింటిని పనికిరావని ప్రక్కకు నెట్టు టేకేదారు (గుత్తదారు) ఎదుట ఆడవారేల నోరు మెదపరో, ఏటేట పొడిగింపునకై ఎదురుచూచు కాంట్రాక్టు ఉద్యోగి అధికారి ఎత్తిపొడుపునకు ఏల నవ్వునో, ఇందువలన తెలియును.

స్త్రీలపై లైంగిక వేధింపుల విచారణకు 2013నాటి చట్టము, పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రతిచోట అంతర్గత సంఘమును, అంతకు తక్కువైనచో జిల్లాలో స్థానిక సంఘమును విధించినది. నిత్యపు తిట్లకు, అవమానములకు ఆ మాత్రపు దిక్కైనను లేదు. అధికారులకు ఓర్పు నేర్పు శిక్షణ తరగతులపై నాకంత నమ్మకము లేదు. పొడిగింపు కాగితముపై సంతకము చేయువాడు గాక, అన్యుడు ఫిర్యాదు వినునట్టి సంఘమొకటి సిరిసిల్లలోని కలెక్టరేటులో నుండవలెను; అందు అధికారులతోపాటు బీడీలు చుట్టువారును, మరమగ్గపు సాంచెలు నడుపువారును సభ్యులై కూర్చుండవలెను.