పీటర్ కుందేలుకి తెలుగు రాదా?

మొన్న ఉక్కునగరంలో అమ్మావాళ్ళింట్లో మా పాప అలమరలోంచి నా పాత రష్యన్ బొమ్మల పుస్తకం ఒకటి లాగింది. మాస్కోలో అచ్చయిన తెలుగు! ప్రగతి, రాదుగ వాళ్ళు వేస్తే విశాలాంధ్ర వాళ్ళు అమ్మేవారు. స్టీల్ ప్లాంటుకి సోవియట్ సాయం వచ్చిన రోజుల్లోనే మాకీ పుస్తకాలూ వచ్చాయి. 1991లో ఆ దేశం పోయింది, పుస్తకాలూ పోయాయి.

పాప సొంత పుస్తకం మాత్రం ఇంగ్లీషు పీటర్ రాబిట్. నీలం కోటు కుందేలు. "తెలుగులో ఇలాంటివి ఎవరు వేస్తారండీ?" అని మన ఆఫీసుల్లో రోజూ వినే మాటే. నేనూ అన్నాను, సిగ్గులేకుండా.

అసలు ఆ కుందేలు కథేంటి? ప్రచురణకర్తలు కాదంటే బీట్రిక్స్ పాటర్ 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది. 1902లో వార్న్ కంపెనీ రంగుల్లో తెచ్చింది. రాతా, బొమ్మలూ ఆవిడవే. 1943లో పోయింది. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళే కాపీరైటు. అంటే 2004 నుంచి ఇక్కడ ఆ కథా, బొమ్మలూ అందరివీ.

ఓపెన్ సోర్సు గురించి గంటలకొద్దీ దంచుతాం కదా, ఎదురుగా ఉన్న ఈ సోర్సు మీద మనలో ఎంతమంది చెయ్యి వేశాం? కొనేవాళ్ళు లేరంటారా? కొనాల్సింది మనమే మాస్టారూ! ఎక్కడో మాస్కో వాడు మన పిల్లల కోసం తెలుగు అచ్చేస్తే, జీతాలు తీసుకుంటూ మనం చేస్తున్నది ఫిర్యాదు.

నా వంతుగా నాలుగు పేజీలు తెలుగు చేశాను. పాప కూడబలుక్కుని చదివి "కుందేలు ఇలా మాట్లాడదు నాన్నా" అంది. మళ్ళీ రాస్తున్నా.