ఐస్‌క్రీమ్ ముఖమెరగని పుల్లలు

బళ్లో ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ పోటీ పెట్టారంటే ఆ వారమంతా నా గల్లాపెట్టె కళకళలాడుతుంది. తణుకులో ఓ ప్రైవేటు బడికెదురుగా నాది పుస్తకాల కొట్టు. పనికిరాని వాటితో పనికొచ్చేది చెయ్యాలన్నది పోటీ. అందుకోసం జనం కొనేవి మాత్రం ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్లు, మెరుపుల పొడి, ఫెవికాల్, వెండిరంగు, కనుగుడ్డు కదిలే ప్లాస్టిక్ కళ్లు. ఐస్‌క్రీమ్ ముఖమే ఎరగని ఆ పుల్లలు వేస్టెలా అయ్యాయో నేనడగను, కొనేవాళ్లూ అడగరు. మొన్న షట్టరు దించేవేళ ఒకావిడొచ్చి, “బాబాయ్‌గారూ, ఖాళీ సీసా ఏమన్నా ఉందా? మా ఇంట్లో కూల్‌డ్రింకు సీసా ఉంది గానీ, నిండా ఉందండీ” అంది. ఆ డ్రింకు ఆ రాత్రికి సింకు పాలయ్యే ఉంటుంది.

ఇలా రాస్తే నష్టం నాకే. అయినా సరే, ఇంటికిచ్చి చేయించే ఈ పోటీల్ని బళ్లు ఆపెయ్యాలి. ఖాళీ సీసాని పాతసామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు. దానికే జిగురు పూసి, మెరుపులద్ది, తాడు చుట్టి ఫ్లవర్‌వాజ్ అన్నామంటే బడి అలమారలో నాలుగు రోజులుంటుంది, ఆ తర్వాత అతను కూడా ముట్టుకోడు. ఇక థర్మోకోల్. అలంకరణకి వాడే థర్మోకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. స్కూలు డైరీలోంచి మాత్రం అది ఇంకా పోలేదు.

పోనీ పిల్లలేమైనా నేర్చుకుంటున్నారా అంటే అదీ లేదు. యూకేజీ పిల్లాడు గ్లూగన్ పట్టి చార్మినార్ కట్టగలడా? తండ్రి కడతాడు, తల్లి రంగులేస్తుంది, వాడు నిద్రపోతాడు. పొద్దున్నే లేచి బహుమతి తీసుకుంటాడు.

పిల్లాడి చేతికి దక్కే పని వేరే ఉంది, దానికి నా కొట్టుతో అవసరం లేదు. పల్లెటూళ్లో వేసవిలో ముంజలు తిన్నాక మిగిలిన కాయలు రెండు తీసుకుని బండి కట్టేవాళ్లం. రెండూ ఒకే సైజువి ఏరుకోవాలి, లేదంటే బండి ఓ పక్కకి లాగేస్తుంది. ఇరుసు పుల్ల సరిగ్గా నడిమికి దిగాలి. దానికి పంగలకర్ర ఆనించి ఊరంతా తోసుకుపోవడమే. నాలుగు రోజులకి కాయ ఎండి వదులైపోతుంది. పారేస్తే గేదె నమిలేది.

అపార్ట్‌మెంట్లో తాటికాయలెక్కడివంటారా? వంటింట్లో పసుపుంది కదా. పాత నోటుబుక్కులో మిగిలిపోయిన తెల్లకాగితాలు చించండి. పసుపు నీళ్లలో జారుగా కలిపి, గుడ్డతో కాగితమంతా పూసి ఆరనివ్వండి. పిల్లకి గిన్నెడు సబ్బునీళ్లు, దూది చుట్టిన చీపురుపుల్ల ఇవ్వండి. గీసిన చోటల్లా ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మచెక్క రుద్దితే ఎరుపు పోయి పసుపే తేలుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే ఇళ్లలో ఇది కొత్తేం కాదు: క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పులుపు తగిలితే వెనక్కొస్తుంది. మా మనవరాలు ఆ కాగితం పట్టుకుని వంటిల్లంతా గాలించింది. “తాతా, చింతపండు పెడితే? పెరుగు? వంటసోడా?” ఏ రంగొస్తుందో నేను ముందే చెప్పబోతే నోరు మూసింది. పాత గౌను వేసి కూర్చోబెట్టండి, మరకలు తేలిగ్గా వదలవు.

జిగురూ కొనక్కర్లేదు. గుప్పెడు మైదా ఉండకట్టకుండా నీళ్లలో కలిపి, సన్నసెగ మీద గరిటె ఆడిస్తే నిగనిగలాడే లై తయారు. సినిమా పోస్టర్లు అంటించింది దీంతోనే. పోస్టర్లవాళ్లయితే పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం, ఇంట్లో జోలికి పోవద్దు. రెండ్రోజులకి పులిస్తే మళ్లీ కాచుకుందాం. అలాగే బొమ్మలకి గుండీలు, చింతపిక్కలు వాడితే, మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అవి అందకుండా పెట్టాలి, మింగేస్తారు.

ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా జీవితమంతా ఇలాంటి బొమ్మలే చేశారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో ఉండగా సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కల్లోకి మందు గీకేసిన అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టారు. మూడు పుల్లల త్రిభుజం నొక్కినా బెసగదు, నాలుగు పుల్లల చతురస్రం ఇట్టే ఒరిగిపోతుంది. కరెంటు టవర్లకి అన్ని త్రిభుజాలెందుకో వేళ్లకే తెలిసిపోతుంది. ఆయనకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బొమ్మల్లో మెరుపుల పొడి చిటికెడు కూడా ఉండదు.

కాబట్టి టీచర్లకి నా మాట ఒకటే. పోటీ పెట్టాలనుంటే తరగతిలోనే పెట్టి, పిల్లల చేతే చేయించండి. ఇంట్లో ఉన్నదే తెమ్మనండి, కొన్నది తెస్తే వెనక్కి పంపండి. వంకరగా వచ్చినా అలాగే గోడకి పెట్టండి. అట్టపెట్టెలు కావాలంటే జూన్‌లో నోటుపుస్తకాల లోడు దిగాక నా కొట్టుకి మనిషిని పంపండి. పిన్నులు పీకేసి ఊరికే ఇస్తాను. థర్మోకోల్ మాత్రం నన్నడక్కండి.