బకెట్టుకి ఒక్కటి చాలదూ!

"ఇంత పెద్ద బకెట్లో ఒక్కటే మొక్కా? ఎంత చోటు దండగ!" మా డాబా ఎక్కిన ప్రతివాళ్ళూ అనే మాట ఇది. నాకు నవ్వొస్తుంది. 2023లో నేనూ అలాగే అన్నాను మరి. అని ఊరుకోలేదు, చేసి చూశాను కూడా.

మాది కోఠిలో సుల్తాన్‌బజారు వెనక సందు. మూడంతస్తుల పాత ఇల్లు. పెరడన్న మాటే లేదు, ఉన్నదల్లా డాబా. అందులో సగం నీళ్ళ ట్యాంకుది, పావు బట్టల తీగలది, మిగిలిన పావు నాది. ఆ ఏడాది జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. చారులోకి అరకాయ, పప్పులోకి ఒకటిన్నర అని లెక్కపెట్టుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ కసితో పెయింటు దుకాణంలో 20 లీటర్ల ఖాళీ బకెట్లు ఆరు కొనుక్కొచ్చాను. బకెట్టుకి నాలుగు చొప్పున ఇరవై నాలుగు మొక్కలు. మొక్కకి రెండు కిలోలేసుకున్నా... లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయమైన మా కోఠి ఉమెన్స్ కాలేజీలో బోటనీ చదివిన దాన్నే సుమండీ!

నెల తిరిగేసరికి బకెట్లు పచ్చగా, గుబురుగా కళకళలాడాయి. రెండో నెలలో అసలు సంగతి బయటపడింది. ఆకు మీద ఆకు పడి లోపలికి గాలి ఆడదు, తడి ఆరదు. కింది ఆకులకి గోధుమరంగు మచ్చలు మొదలయ్యాయి. పొద్దున్నే నిండా పోసిన నీళ్ళు మధ్యాహ్నానికల్లా తాగేసి తలలు వాల్చేసేవి. మాకు కుళాయి రోజు విడిచి రోజు. మూడంతస్తులు బిందెలు మోసిన నా నడుముని అడగండి ఆ బాధ. నీళ్ళు ఒకపూట ఎక్కువ, ఒకపూట తక్కువ అయితే కాయకి కాల్షియం సరిగ్గా అందదు, అడుగున నల్లగా కుళ్ళుతుంది. అదీ వచ్చింది. ఇరవై నాలుగు మొక్కలూ కలిసి ఇచ్చింది నాలుగు కిలోలు కూడా లేదు.

ఆలోచిస్తే ఇందులో వింతేముంది? పొలంలో వరుసకీ వరుసకీ 60 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 45 వదులుతారు. పైగా అక్కడ వేరు కిందికి ఎంత దూరమైనా పోగలదు. మన బకెట్టు నోరు అడుగు వెడల్పు. ఆ పిడికెడు మట్టిలో నాలుగు వేళ్ళు కొట్టుకుంటే ఎవరికి మిగులుతుంది?

అసలు తప్పు నారు దశలోనే దిద్దుకోవాల్సింది. పీకేద్దామని కూర్చున్నాను కూడా. మా అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. "పానమున్న మొక్కను పీకి పారేస్తవా బిడ్డా? ఎట్ల చేతులొస్తయ్ నీకు?" రెండు గదుల ఇంట్లో అయిదుగురు పిల్లల్ని పెంచిన మనిషి. నేనేం చెప్పగలను? పంట చివర్లో ఆ గిడస కాయల్ని చాటలో పోసుకుని చాలాసేపు చూసింది. "పంచితే అందరికీ అందుతదనుకున్న. ఎవ్వరికీ కడుపు నిండలే" అంది. టమాటాల గురించే అందో, ఇంకేం గుర్తొచ్చి అందో నేను అడగలేదు.

మరుసటేడు పద్ధతి మార్చాం. సెప్టెంబరులో కాగితం టీ కప్పుల్లో గింజలు పెట్టి, పాతిక రోజుల నారుని బకెట్టుకి ఒక్కటి చొప్పున నాటాం. రాత్రిపూట కూడా వేడి తగ్గని రోజుల్లో పూత రాలిపోతుంది కాబట్టి మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల మీద ఆశ పెట్టుకోకండి. పూసా రూబీలా పొడుగ్గా సాగే రకమైతే మొక్కకి 20 లీటర్ల మట్టి ఉండాల్సిందే, ఊతకర్రా కావాలి. పీకేఎం-1 లాంటి పొట్టి రకానికి 15 లీటర్లయినా సరిపోతుంది. 200 లీటర్ల డ్రమ్ముని అడ్డంగా కోయిస్తే ఒక్కో సగంలో రెండు, పొట్టివైతే మూడు. అంతకు మించి వద్దు. అన్నట్టు, తడిసిన బకెట్టు ఒక్కోటి పాతిక కిలోల పైనే తూగుతుంది. మాలాంటి పాత ఇళ్ళలో డాబా నడిమధ్య పెట్టకుండా గోడల వెంబడి సర్దుకోండి.

ఆరు బకెట్లు, ఆరే మొక్కలు. పదకొండు కిలోల చిల్లర కాశాయి. నీళ్ళ మోతా తగ్గింది.

మరి మిగిలిన నారు? అదంతా అత్తమ్మ చూసుకుంటుంది. మట్టి తడిపి, వేరు తెగకుండా లేపి, తడి పేపర్లో చుట్టి వాటాల వాళ్ళందరికీ పంచుతుంది. ఒక్క మొక్కా చావలేదని ఆవిడ తృప్తి. మొన్న కింది వాటా అమ్మాయి మెట్ల మీంచే కేకేసింది. "అక్కా, మీరిచ్చిన మూడూ ఒకే కుండీలో పెట్టేశాను, పర్లేదు కదా?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ రెండు ఖాళీ బకెట్లు పట్టుకుని కిందికి దిగిపోయింది.