వెన్ను విరిస్తే నొప్పి పోతుందా?

వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు:

“డాక్టరుగారూ! మా నాన్నగారికి యాభై రెండేళ్ళు. పదిహేనో ఏట నుంచీ సముద్రం మీద వేటే బతుకు. రెండేళ్ళుగా నడుం నొప్పి, మెడ నొప్పి. వేటకు వెళ్ళిన రోజు రాత్రి రెండు బిళ్ళలు వేసుకోనిదే నిద్రపట్టదు. వెన్నుపూసలు టకటకమని విరిచి నొప్పి తీసేసే కైరోప్రాక్టిక్ వైద్యం పట్నంలో ఉందని మా బావ అంటున్నాడు. ఫోనులో వీడియోలు కూడా చూపించాడు. తీసుకెళ్ళమంటారా? మాది ఉద్దానం కనుక ఇది కిడ్నీ నొప్పేమోనని అమ్మ బెంగపెట్టుకుంది.”

ఈ ఉత్తరంలో అడిగిన ప్రశ్నలు రెండు. అడగకుండా వదిలేసినది ఒకటుంది. నా ఉద్దేశంలో అదే అసలైనది. వరసగా చూద్దాం.

వేటగాని నడుం

బారువ, నువ్వలరేవు, మంచినీళ్ళపేట, భావనపాడు – ఈ తీరంలో ఏ ఊరు తీసుకున్నా వేటగాని నడుం పడే పాటు ఒకటే. తెల్లవారకముందే ఇసుకలో పడవను భుజాలతో, చేతులతో నెట్టాలి. అలల మీద గంటల తరబడి కుదుపులు. ముందుకు వంగి, ఒక పక్కకు తిరిగి, తడిసిన వల లాగాలి. గాలం వేసేవాడికి తాడు చేతిలో ఉన్నంతసేపూ మెడ వంగే ఉంటుంది. ఒడ్డుకు వచ్చాక ఇంజను మోయాలి. మధ్యాహ్నం వల బాగుచేస్తూ మళ్ళీ వంగి కూర్చోవాలి.

నడుంలో నొప్పి ఎలా పుడుతుందో చిన్న లెక్కతో చెబుతాను. వెన్నును నిలబెట్టే కండరాలు వెన్నుపూసకు రెండంగుళాల దూరంలో ఉంటాయి. మీరు ఎత్తే బరువు శరీరానికి రెండడుగుల దూరంలో ఉంటే, దాన్ని ఆపడానికి ఆ కండరాలు సుమారు పన్నెండు రెట్ల బలంతో లాగాలి. పది కిలోల వల కండరానికి నూట ఇరవై కిలోల పని. దానికి నడుం మెలితిప్పడం కూడా తోడైతే పూసల మధ్య మెత్తలాగా ఉండే డిస్కుల మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇన్నేళ్ళ చాకిరీకి కండరాలు, కీళ్ళు, డిస్కులు నొచ్చుకోవడంలో వింత లేదు.

ఇది కిడ్నీ నొప్పా?

మీ అమ్మగారి భయం నాకు కొత్త కాదు. ఉద్దానంలో నడుం పట్టుకున్న ప్రతి మనిషీ ముందు అడిగేది అదే. ధైర్యం చెప్పండి. వంగితే, లేస్తే, బరువెత్తితే ఎక్కువై, పడుకుంటే తగ్గే నొప్పి సాధారణంగా కండరాలది, కీళ్ళది. కిడ్నీలో రాయి నొప్పి వేరు. అది డొక్కలో మొదలై గజ్జల వైపు దిగుతుంది. తెరలు తెరలుగా వస్తుంది. ఏ పక్కకు పడుకున్నా తగ్గదు. కిడ్నీకి చీము పడితే చలిజ్వరం ఉంటుంది.

కాని ధైర్యం చెప్పిన నోటితోనే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఉద్దానాన్ని పీడిస్తున్న దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు నొప్పి పెట్టదు. చప్పుడు చేయకుండా వస్తుంది. కాళ్ళవాపు, ఆయాసం, వాంతులు కనిపించేసరికి చాలా భాగం పాడై ఉంటుంది. కనుక “నడుం నొప్పి ఉంది, కిడ్నీ పోయింది” అనుకోవడం ఎంత పొరపాటో, “నొప్పి లేదు, కిడ్నీ బాగుంది” అనుకోవడమూ అంతే పొరపాటు. సంగతి తేల్చేవి రెండే పరీక్షలు – రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. ఉద్దానంలో ఉండేవారు నొప్పి ఉన్నా లేకపోయినా ఏడాదికొకసారి ఈ రెండూ చేయించుకోవాలి.

విరుపుల వైద్యం

ఇక కైరోప్రాక్టిక్. పేరు కొత్తగాని, కోరిక పాతదే. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి వెతికి తొక్కించుకోవడం మన పల్లెల్లో ఉన్నదే. క్షౌరం అయ్యాక మంగలి చేత మెడ ఇటూ అటూ విరిపించుకోవడమూ ఉన్నదే. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో 1895లో డానియెల్ డేవిడ్ పామర్ అనే ఆయన ఇలాంటి విద్యకు ఒక సిద్ధాంతం తగిలించి, కైరోప్రాక్టిక్ అని పేరుపెట్టాడు. పూసలు పక్కకు జరగడం వల్లనే నూటికి తొంభై అయిదు పాళ్ళు జబ్బులు వస్తాయని ఆయన వాదం. ఆ వాదం నిలబడలేదు. జరిగిన పూసను “లోపలికి నెట్టడం” అనేది నిజంగా జరగదు. మీరు వినే ‘టక్’ శబ్దం ఎముకది కాదు. కీలును చటుక్కున సాగదీసినప్పుడు లోపలి ద్రవంలో వాయుబుడగ ఏర్పడడం వల్ల వచ్చేది. వేళ్ళ మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే.

సిద్ధాంతం తప్పయినంత మాత్రాన చికిత్స వల్ల ఏ ఉపయోగమూ లేదనడం న్యాయం కాదు. నడుం నొప్పి విషయంలో దీన్ని చాలాకాలంగా పరీక్షించారు. దీని వల్ల కొంత ఉపశమనం ఉంది. వ్యాయామం వల్ల కలిగేది ఎంతో, సుమారుగా ఇదీ అంతే, ఎక్కువ కాదు. దీర్ఘకాలిక నడుం నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సూచనలు వెలువరించింది. రోగికి జబ్బు గురించి వివరంగా చెప్పడం, వ్యాయామం, మర్దన వంటివాటితో పాటు చేతితో వెన్నును సర్దే చికిత్సకూ అందులో చోటిచ్చారు. నడుముకు బెల్టు కట్టడం, బరువులు కట్టి లాగడం వంటివి మామూలుగా వద్దన్నారు. మన మందుల షాపుల్లో మాత్రం ఆ బెల్టులు బాగానే అమ్ముడవుతున్నాయి!

కాబట్టి నడుం వరకు నా జవాబు ఇది: చదువుకున్న ఫిజియోథెరపిస్టు పరీక్షించి, చేతితో చికిత్స చేసి, వ్యాయామాలు నేర్పితే చేయించుకోవచ్చు. ఎముకలు గుల్లబారినవారికి, కేన్సరు లేక వెన్నులో క్షయ ఉన్నవారికి, కాలిలో బలం తగ్గినవారికి అసలు పనికిరాదు. పది విరుపులు విరిచి మళ్ళీ నెలకు రమ్మనేవారి వద్దకు వెళ్ళడం డబ్బు దండగ. విరుపు అక్కడితో అయిపోతుంది. మర్నాడు మీ నాన్నగారు లాగేది అదే వల.

మెడ సంగతి వేరు. మెడ పూసల్లో రెండు పక్కలా చిన్న రంధ్రాలుంటాయి. వాటి గుండా మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు పోతాయి. మెడను చటుక్కున తిప్పితే అరుదుగా ఆ ధమని లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి, పక్షవాతం రావచ్చు. అరుదే. కాని వేలమందిలో ఒకరికి వచ్చినా, ఆ ఒకరికి పోయేది జీవితం. దాని బదులు దక్కేది నాలుగు రోజుల ఉపశమనం. ఈ బేరం నాకు నచ్చదు. మెడ ఎవరి చేతా విరిపించుకోకండి – కైరోప్రాక్టరయినా, మంగలయినా, మీ బావగారయినా సరే.

అడగని ప్రశ్న

“రాత్రి రెండు బిళ్ళలు” అని రాశారు. ఏ బిళ్ళలో రాయలేదు. అసలు ప్రమాదం అక్కడ ఉంది.

కొన్నేళ్ళ క్రితం నేను టెక్కలి ప్రాంతంలో పనిచేస్తున్నప్పుడు తీరం ఊరి నుంచి అరవై దాటిన పెద్దాయన వచ్చాడు. నడుం నొప్పే.

“ఏం తాతా, రోజుకెన్ని బిళ్ళలు వేస్తావు?” అన్నాను.

“యేటకెల్లిన రోజు రెండు బావూ. వల బరువుగుంటే మూడు.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మా సిన్నమ్మి పెళ్ళినాటి నుంచి.”

ఆ చిన్నమ్మి పక్కనే ఉంది. ఆమె చంకలో ఒక బిడ్డ, పక్కన బడికి వెళ్ళే వయసు పిల్లవాడు. క్రియాటినిన్ చేయిస్తే మూడు దాటి ఉంది. ఉండవలసింది ఒకటికి అటూఇటూ. బిళ్ళలు మాన్పించాం. కొంత తగ్గింది. కాని మామూలు స్థాయికి రాలేదు, రాదు కూడా. ఇప్పుడాయన ఒడ్డున కూర్చుని కొడుకుల వలలు బాగుచేస్తున్నాడు. నడుం నొప్పి కోసం వేసుకున్న బిళ్ళలు నడుమును బాగుచేయలేదు. కిడ్నీలో మిగిలినదాన్ని మాత్రం తినేశాయి.

ఇదెలా జరుగుతుంది? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపి నొప్పి తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా కాపాడేవి ఆ పదార్థాలే. రోజంతా ఎండలో చెమటోడ్చి, చాలినంత నీరు లేక వచ్చిన మనిషి, ఆ రాత్రే ఈ బిళ్ళ వేసుకుంటే కిడ్నీకి రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. తుంటికి పొడిపించుకునే నొప్పి సూది కూడా చాలాసార్లు ఇదే మందు. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడుల్లో స్టెరాయిడ్లు కలపడమూ ఉంది.

ఉద్దానం జబ్బుకు ఈ బిళ్ళలే కారణమని నేననడం లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో మధుమేహం, రక్తపోటు లేనివాళ్ళకూ ఈ జబ్బు ఎందుకొస్తోందని నీటిని, నేలను, పురుగుమందులను, ఎండలో శ్రమను, నొప్పి బిళ్ళలను పరిశోధకులు పరీక్షిస్తూ వచ్చారు. ఫలానాదే కారణమని తేలలేదు. దీని కోసమే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి మంచినీటి పథకమూ అప్పుడే వచ్చింది. కారణం తేలినప్పుడు తేలుతుంది. ఇల్లు ఎందుకు అంటుకుందో తెలియకపోయినా, కిరసనాయిలు డబ్బా దూరంగా పెట్టడానికి ఆ తెలివి అక్కర్లేదు కదా!

మరి ఏం చేయాలి?

నొప్పి కొత్తగా పట్టుకుంటే ఒకటి రెండు రోజులకు మించి పడక వద్దు. కుంగిపోయే నులకమంచం వదిలి, నేల మీద బొంత వేసుకుని పడుకోండి. ఇసుక వేడిచేసి గుడ్డలో కట్టి కాపడం పెట్టండి. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు మాత్రం కాలకుండా చూసుకోవాలి. నొప్పికి మందు తప్పదంటే పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్ళ, రోజుకు మూడు నాలుగుకు మించకుండా, కొద్ది రోజులు. సారా అలవాటున్నవారు, కామెర్లు వచ్చినవారు అదీ డాక్టరును అడిగే వేసుకోవాలి. చాలావరకు కొత్త నడుం నొప్పులు కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి.

నొప్పి తగ్గాక వ్యాయామం. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుం పైకెత్తి అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కొక్క మోకాలు గుండెకు హత్తుకోండి. బోర్లా పడుకుని, చేతులాన్చి, ఛాతీ వరకు మెల్లగా పైకెత్తండి. ఒక్కొక్కటి పదిసార్లు, పొద్దున్నా సాయంత్రం. మెడకయితే గడ్డం లోపలికి లాగి పట్టి వదలడం, భుజాలు వెనక్కి తిప్పడం చాలు. చేస్తున్నప్పుడు నొప్పి కాలిలోకి దిగితే ఆపేయండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ ఈ అలవాటు పడడానికీ, పైన చెప్పిన పరీక్షలు చేయించుకోవడానికీ మంచి అదను.

పనిలోనూ మార్పు ఉండాలి. వల లాగేటప్పుడు ఒక కాలు ముందుకు వేసి, మోకాళ్ళు వంచి, బరువు ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. తిరగాలంటే నడుం మెలిపెట్టకుండా కాళ్ళతో తిరగాలి. పక్కలు మార్చుకోవాలి. ఇంజను ఇద్దరు కర్ర వేసుకుని మోయాలి. చేపల గంప నెత్తిన మోసే ఆడవారు నిండు గంప ఒకసారికి బదులు సగం గంప రెండుసార్లు మోయాలి. ఎత్తుకునేటప్పుడు, దించేటప్పుడు రెండో మనిషి సాయం తీసుకోవాలి. పడవలో బియ్యం ఎక్కించినంత శ్రద్ధగా మంచినీళ్ళూ ఎక్కించాలి. కిడ్నీ జబ్బు తేలినవారు మాత్రం ఎంత నీరు తాగాలో డాక్టరునే అడగాలి.

ఆలస్యం పనికిరానివి

కాలిలో బలం తగ్గడం, మూత్రం బిగబట్టడం లేక తెలియకుండా పోవడం, పిర్రల మధ్య తిమ్మిరి – ఇవి కనబడితే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మెడ, దవడ, ఎడమ చెయ్యి నొప్పితో చెమటలు పడితే అది మెడ కాదు, గుండె. వెంటనే 108కి ఫోను చేయండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, పడవ మీద నుంచి పడ్డాక వచ్చిన నొప్పి – ఇవీ తాత్సారం చేయవలసినవి కావు.

ఉత్తరం రాసిన అబ్బాయీ! పట్నం ప్రయాణానికి దాచిన డబ్బులు అలాగే ఉంచు. ముందు నాన్నగారి బిళ్ళల అట్ట జేబులో పెట్టుకుని, ఆయన్ను వెంటబెట్టుకుని, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళు. అట్ట డాక్టరుకు చూపించు. క్రియాటినిన్ రాయించు. నడుం సంగతి ఆ తరువాత నెమ్మదిగా చూసుకోవచ్చు. దానికి టైముంది. కిడ్నీకి ఉండకపోవచ్చు.