కాళ్లున్నంత మాత్రాన కెమెరా నిలబడదు

ఏలూరులో నాది పెళ్లిళ్ల స్టూడియో. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు కెమెరా ఆనించుకునే ఒంటికర్ర, అదే మోనోపాడ్, కొనే ముందు నా దగ్గరకొచ్చి అడుగుతుంటారు: "గురువుగారూ, కింద కాళ్లున్నది కొనమంటారా, ఉత్త కర్ర చాలా?" నువ్వు తీసేది ఫోటోలా, వీడియోనా అని నేను తిరిగి అడుగుతాను. ఆ సంగతి తేలితే సగం జవాబు దొరికినట్టే. కానీ షాపులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. కాళ్లు విప్పి, కర్ర నిలబెట్టి, "చూడండి సార్, చెయ్యి వదిలేసినా పడదు" అంటారు. కుర్రాడు అక్కడే పడిపోతాడు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కాళ్లు ఒక్కొక్కటీ జానెడు పొడవుంటాయి. వాటి మీద ఐదడుగుల కర్ర, దాని కొసన రెండు మూడు కిలోల కెమెరా, లెన్సూ. బరువంతా పైన, పట్టంతా కింద. షాపులో నున్నటి గచ్చు మీద, ఏసీ గాలిలో నిలబడుతుంది, నిజమే. పెళ్లిలో కుర్చీల మధ్య పరుగెత్తే పిల్లలుంటారు, కింద చూడకుండా నడిచే పెద్దలుంటారు, ఆ కాలికి తగులుకోవడానికి పట్టుచీర కుచ్చెళ్లు ఉండనే ఉంటాయి. తయారుచేసే కంపెనీలు కూడా కెమెరా పెట్టి వదిలేసి వెళ్లొద్దనే చెబుతాయి. చెయ్యి వదలాలనుకునేవాడు ట్రైపాడ్ కొనుక్కోవాలి.

మరి ఆ కాళ్లు దేనికి? కెమెరా తిప్పడానికి. కర్ర, కాళ్లు కలిసేచోట బంతిలాంటి కీలు ఒకటుంటుంది. మంచి రకాల్లో కర్ర గుండ్రంగా తిరిగేచోట చిక్కటి ద్రవంతో పనిచేసే ఏర్పాటు కూడా ఉంటుంది. మన కాలితో ఒక కాలిని తొక్కిపట్టి కర్ర తిప్పితే, పెళ్లికొడుకు ముఖం నుంచి పెళ్లికూతురి ముఖం దాకా కెమెరా ఎక్కడా కుదుపు లేకుండా వెళుతుంది. ఉత్త కర్రతో ఆ పని చేస్తే కింది రబ్బరు నేలను పట్టుకుని ఒక్కసారిగా జారుతుంది. ఆ కుదుపు టీవీ తెర మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మోనోపాడ్ ఏదైనా చేసేది రెండే పనులు. బరువు చేతుల మీద పడనివ్వదు, కెమెరాను కిందికీ పైకీ ఊగనివ్వదు. పక్కలకు ఊగకుండా ఆపాల్సింది మన ఒళ్లే. ఫోటోకి ఇది ఇబ్బంది కాదు. షట్టర్ సెకనులో వెయ్యో వంతుకు పెడితే ఆ కాస్త ఊగడం దాని కంటికే ఆనదు. వీడియో అలా కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపంలో లైట్లు మిణుకుమనకుండా ఉండాలంటే షట్టర్ యాభయ్యో వంతు దగ్గరో, వందో వంతు దగ్గరో ఉండాలి. అదీగాక తలంబ్రాలు పోసుకుంటున్నంతసేపూ కెమెరా నడుస్తూనే ఉంటుంది. ఫోటోగ్రాఫర్‌కి క్షణం నిలకడ చాలు, వీడియోవాడికి ఆ నిలకడ నిమిషాల తరబడి కావాలి. అందుకే కాళ్లు వీడియోవాళ్ల సరుకు అంటాను. చేత్తో మోస్తూ తీసే గింబల్ ఉండగా ఇవెందుకంటారా? తెల్లవారుజాము ముహూర్తాలు వరసగా చేసిన భుజాన్ని అడగండి.

పెళ్లిలోనూ అన్నివేళలా కాళ్లు పనికిరావు. జీలకర్ర బెల్లం వేళకు బంధువులంతా మండపం ఎక్కేస్తారు. అడ్డుతెర తీసే క్షణానికి కెమెరావాడికి మిగిలేది ఒక్క పాదం పట్టేంత చోటు. అక్కడ కాళ్లు విప్పడమంటే గొడవ కొనితెచ్చుకోవడమే. పైగా మండపం అంటే చాలాచోట్ల ప్లైవుడ్ మీద పరిచిన కార్పెట్టే. ఒక పెద్దాయన నడిచి వెళ్తే చాలు, కర్రకు కాళ్లున్నా లేకున్నా దృశ్యం ఊగుతుంది. అలాంటి స్టేజీ అయితే నేను దిగిపోయి, కింద గట్టి నేల మీద నిలబడి పొడుగు లెన్సుతో తీస్తాను.

ఖాళీ దొరికితే ఆటపాక వెళ్తాను, కొల్లేటి గూడబాతుల కోసం. అక్కడికి మాత్రం ఉత్త కర్రే. చెరువు గట్ల మీద కాళ్లు పూర్తిగా పరుచుకోవడానికి చోటుండదు, సగం విప్పితే ఒరిగిపోతాయి. బురదలో దిగాయంటే ఆ కీలు నిండా మట్టే. ఇంటికొచ్చి దాన్ని కడగడం సగం పూట పని. సాదా కర్ర ముప్పావు కిలో బరువుంటే గొప్ప. కాళ్లది వీడియో హెడ్‌తో కలిపితే రెండు కిలోల దాకా తూగుతుంది. అదే బరువున్న లెన్సు అప్పటికే భుజాన ఉంటుంది కదా! కర్ర మీద ముందుకూ వెనక్కూ మాత్రమే వంగే చిన్న హెడ్ చాలు. దాన్ని కెమెరా అడుగున కాకుండా లెన్సుకుండే పట్టీకి బిగించాలి. కర్ర కొన కాస్త ముందుకు పెట్టి, కాళ్లు ఎడంగా వేసి, దాని మీదకి ఒరిగితే మన రెండు కాళ్లూ కలిపి మూడవుతాయి. పడవలో అయితే ఇంజన్ నడుస్తున్నంతసేపూ కర్రను చెక్క మీద ఆనించకండి. అదురంతా నేరుగా లెన్సులోకి ఎక్కుతుంది. కర్ర కొనను మీ పాదం మీద పెట్టుకోండి, చాలావరకు తగ్గుతుంది.

కాళ్ల మీద పెట్టే డబ్బు, కర్రను సాగదీసి బిగించే లాకుల మీద పెట్టమని ఫోటోలవాళ్లకు నా సలహా. తిప్పి బిగించే లాకుల్లో ఇసుక చేరితే కరకరమంటాయి, విప్పి కడుక్కోవాల్సిందే. లివర్ లాకులు వదులైతే మరను కాస్త బిగించుకుంటే సరి. కర్ర పూర్తిగా సాగదీసి, పైనుంచి బలంగా నొక్కి చూడండి. ఎక్కడైనా దిగిందంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

రెండు పనులూ చేసేవాళ్ల సంగతి వేరు. మా ఊళ్లో చాలామంది ఫోటోలూ వీడియో రెండూ ఒక్క చేతి మీదే నడుపుతున్నారు. వాళ్లు కాళ్ల భాగం మర తిప్పితే ఊడి వచ్చే రకం కొనుక్కోవాలి. చాలా రకాల్లో ఊడుతుంది కూడా. అయితే ఊడదీశాక ఆ కొనకు సరిపోయే రబ్బరు బిరడా పెట్టెలోనే ఇస్తున్నారో లేదో అక్కడే చూసుకోండి. ఇవ్వకపోతే అదే మరకు ఎక్కేది ఒకటి ఆ రోజే అడిగి కొనండి.