అతిథుల లెక్కలు, ఆతిథ్యమిచ్చే స్త్రీలు

కొనేవాళ్ళందరి అవసరాలూ ఒకటి కావనీ, ఆ తేడాలను బట్టి మార్కెట్టును విడదీసి చూడాలనీ వెండెల్ స్మిత్ 1956లోనే రాశాడు. పర్యాటక పరిశ్రమ ఈ సూత్రాన్ని బాగా వంటబట్టించుకుంది. ఒకప్పుడు మనలో చాలామందికి ప్రయాణమంటే తీర్థయాత్ర, లేదంటే చుట్టాలింటికి పోవడం. ఇప్పుడు కొత్త దంపతులకొక ప్యాకేజీ, కంపెనీ సమావేశాలకొకటి, వైద్యానికి వచ్చేవారికొకటి, సాహసయాత్రలకొకటి. కేంద్ర ప్రభుత్వం 2014-15లో మొదలుపెట్టిన స్వదేశ్ దర్శన్ పథకం కూడా బౌద్ధ, తీరప్రాంత, ఆధ్యాత్మిక, గిరిజన సర్క్యూట్లంటూ దేశాన్ని విడదీసింది.

ఈ కొత్త వర్గాల్లో 'ఒంటరిగా ప్రయాణించే స్త్రీ' ఒకటి. ఎవరి తోడూ లేకుండా స్త్రీ ఊరు దాటడాన్ని నేను తక్కువ చేసి చూడను. కానీ ఆమెకు అమ్ముతున్నదేమిటి? ఆడవాళ్ళకే కేటాయించిన అంతస్తు, ఆడ డ్రైవరు, నమ్మకమైన గైడు. బస్టాండులోనూ రైల్లోనూ రోడ్డుమీదా పౌరురాలిగా దక్కవలసిన భద్రత, అదనపు రుసుము కడితే దొరికే సౌకర్యంగా మారుతోంది. కట్టలేని స్త్రీ ఏ వర్గంలోకీ రాదు.

అతిథులను ఇంత సూక్ష్మంగా చూసే పరిశ్రమ, వాళ్ళకు సేవచేసే స్త్రీలను ఎలా చూస్తోంది? ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలో ఈ రంగంలో పనిచేసేవారిలో 54 శాతం స్త్రీలే. వారి సంపాదన పురుషుల కంటే 14.7 శాతం తక్కువ. పక్కలు సర్దడం, వండటం, నవ్వుతూ పలకరించడం మన సమాజం ఆడవాళ్ళకు పుట్టుకతో అంటగట్టిన పనులు. ఇంట్లో జీతం లేని ఆ చాకిరీకి హోటల్లో తక్కువ జీతం కడుతున్నారు.

మన అరకునే తీసుకుందాం. 2017లో విశాఖ నుంచి వెళ్ళే రైలుకు అద్దాల పెట్టె తగిలించారు. అక్కడ 'గిరిజన సంస్కృతి' కూడా ఒక సరుకు. దాని ముఖచిత్రం థింసా ఆడే స్త్రీ. పెళ్ళిళ్ళలో, చైత్ర పండుగలో తమకోసం తాము ఆడుకునే ఆట రిసార్టు అతిథులకు వినోద కార్యక్రమమైంది. అందులో ఆమెకెంత ముడుతోంది, మధ్యవర్తికెంత? ఫొటో తీసేముందు ఆమెను అడుగుతున్నారా? తాగిన అతిథి చెయ్యి పట్టుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల నుంచి లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్పింది. ఆ మాట ఆమె దాకా చేరిందా?

అంతకన్నా మూలమైనది భూమి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 'సమత' సంస్థ నడిపిన కేసులో, అక్కడి ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గని వస్తే ఊరంతా గుర్తుపడుతుంది. రిసార్టు అలా కాదు, పూలమొక్కలతో, ఉద్యోగాల మాటలతో వస్తుంది. ఊటనీరూ పోడుభూమీ దాని కంచె లోపలికి పోతే, బిందెతో ఎక్కువ దూరం నడవవలసింది మాత్రం ఆదివాసీ స్త్రీయే.

పర్యాటకం వద్దని నేననడం లేదు. ఇంట్లో ఒక గది అద్దెకిచ్చి, నలుగురికి వండిపెట్టి డబ్బు కళ్ళజూడాలనుకునే స్త్రీని కాదనే హక్కు మనకు లేదు. అయితే ఆ గది అద్దె ఎవరు నిర్ణయిస్తారు, డబ్బు ఎవరి చేతికొస్తుంది, ఇల్లు ఎవరి పేర ఉంది అని అడగవలసిన బాధ్యత మనకుంది. సీజను రాకముందే మన సంఘాలు థింసా బృందాలతో కూర్చుని కూలిరేటు, పనివేళలు కాగితంమీద పెట్టించాలి. స్థానిక కమిటీ వివరాలు ప్రతి రిసార్టు గోడమీదా అందరికీ అర్థమయ్యే భాషలో రాయించాలి. కొత్త రిసార్టు మాట వచ్చినప్పుడు గ్రామసభలో స్త్రీలు ముందువరుసలో కూర్చోవాలి. అతిథికి ఏం కావాలో సర్వేలు చేసి తెలుసుకుంటున్నవాళ్ళు, ఆతిథ్యమిచ్చే స్త్రీకి ఏం కావాలో ఆ సభకు వచ్చి వినాలి.